క్లోమంలో విద్యుత్తు

విద్యుత్ రంగంలో ఉద్యోగం చేసేవారిని ఇరుగుపొరుగువారు కొన్ని ప్రశ్నలు తప్పక అడుగుతారు. ఇన్వర్టరు ఎంత సామర్థ్యం గలది కొనాలి, ఎర్తింగు సరిగా ఉన్నదా లేదా, ఈ నెల బిల్లు ఇంత ఎందుకు వచ్చింది? ఇవన్నీ పాత ప్రశ్నలు. ఈ మధ్య గురుగ్రామ్‌లోని మన నివాస సముదాయాలలో వినిపిస్తున్న ప్రశ్న వేరు. పాదాల కింద పెట్టుకుంటే సన్నగా కరెంటు పంపే యంత్రం ఒకటి వచ్చిందట, రోజూ అరగంట వాడితే క్లోమం మళ్ళీ పనిచేయడం మొదలుపెట్టి మధుమేహం తగ్గిపోతుందట, నిజమేనా? అడిగేవారిలో చదువుకున్నవారే ఎక్కువ. మాత్రలు మానేసి యంత్రాన్ని నమ్ముకోవచ్చునా అని మరో అడుగు ముందుకు వేసేవారూ ఉన్నారు.

మాత్రలు మానవద్దన్నది వెంటనే చెప్పవలసిన మాట. అయితే ఆ ప్రశ్నను నవ్వి తోసివేయడానికి వీలులేదు. క్లోమంలో విద్యుత్తు ఉన్నమాట నిజం. ఇన్సులిన్ అనే హార్మోను విద్యుత్ సంకేతం లేకుండా విడుదల కాదన్నదీ నిజమే. బయటనుంచి విద్యుత్తు పంపి ఆ స్రావాన్ని అదుపు చేయాలని ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు ప్రయత్నిస్తున్నాయి కూడా. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రకటితమైన సర్వే ప్రకారం మనదేశంలో మధుమేహం గలవారు 10 కోట్ల పైచిలుకు, అంటే పెద్దవారిలో 11.4 శాతం. మన సంస్థలో ఏ కార్యాలయంలోనైనా ఒక వరుస బల్లలు లెక్కపెడితే ఒకరైనా ఉంటారు. కనుక ఈ విషయంలో తెలిసినది ఎంత, చేయగలుగుతున్నది ఎంత అని కాస్త వివరంగా చూడడం మంచిది.

క్లోమం కడుపు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకొని ఉండే గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు వంద గ్రాములకు లోపు. దానిలో అధికభాగం జీర్ణరసాలను తయారుచేసి పేగులోకి పంపుతుంది. మిగిలిన ఒకటి రెండు శాతం మాత్రమే హార్మోనుల పని చేస్తుంది. ఆ కొద్దిభాగమూ ఒకచోట ఉండదు. పది లక్షలకు పైబడిన చిన్నచిన్న ద్వీపాలుగా చెల్లాచెదురై ఉంటుంది. వాటిని 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి మొదటిసారి వర్ణించాడు గనుక లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నారు. వాటిలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను స్రవిస్తాయి. రక్తంలో చక్కెరను మొదటిది తగ్గిస్తే రెండవది పెంచుతుంది. మొదటి రకం మధుమేహంలో శరీరపు రక్షకదళమే బీటా కణాలను శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. రెండవ రకంలో కణాలు ఉంటాయి గాని పని మందగిస్తుంది. వ్యాధి బయటపడేనాటికే వాటి సామర్థ్యం సుమారు సగం తగ్గి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఈ తేడా ముందుముందు మనకు అవసరమవుతుంది.

నరమా, రసాయనమా?

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో క్లోమాన్ని నడిపించేవి నరాలేనని అందరూ నమ్మేవారు. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రతిష్ఠ అంతటిది. 1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెయిలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక చిన్న పరీక్ష చేశారు. మత్తు ఇచ్చిన కుక్కలో పేగు ముక్క ఒకదానికి వెళ్ళే నరాలన్నిటినీ కత్తిరించి, దానిలో కొద్దిగా ఆమ్లం పోశారు. సంకేతం పోవడానికి తీగ లేదు. అయినా క్లోమం రసం స్రవించింది. వార్త రక్తం ద్వారా వెళ్ళిందన్నమాట. ఆ వార్తాహరుడికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ‘హార్మోను’ అనే మాటను మొదటిసారి వాడాడు. అంతటితో తీగల పక్షం ఓడిపోయి రసాయనాల పక్షం గెలిచినట్టయింది. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేయడంతో ఆ గెలుపు స్థిరపడింది. క్లోమం ఒక రసాయన కర్మాగారమనీ, దానికీ విద్యుత్తుకూ సంబంధం లేదనీ రెండు తరాలు చదువుకున్నాయి.

ఆ అభిప్రాయాన్ని మార్చినవారు డీన్, మాథ్యూస్ అనే ఇద్దరు. వీరు చుంచెలుక క్లోమ పుటికల కణాలలోకి అతి సన్నని గాజు సూదుల వంటి ఎలక్ట్రోడులను దింపి, 1968లో ఫలితాలు ప్రకటించారు. చక్కెర తక్కువగా ఉన్నప్పుడు కణం ప్రశాంతంగా ఉన్నది. చక్కెర పెంచగానే నాడీకణంలో వలె విద్యుత్ స్పందనలు వరుసకట్టి మొదలయ్యాయి. పెంచినకొద్దీ జోరు హెచ్చింది. నాడీకణాలకూ కండరాలకూ మాత్రమే చెందుతుందనుకొన్న గుణం ఒక గ్రంథి కణంలో కనిపించింది.

ఇక్కడ ఇంజనీరుకు ముచ్చట కలిగించే లెక్క ఒకటి ఉన్నది. విశ్రాంతిలో ఉన్న బీటా కణం లోపలిభాగం వెలుపలితో పోలిస్తే సుమారు 70 మిల్లీఓల్టులు ఋణాత్మకంగా ఉంటుంది. టార్చిలైటు సెల్లులో ఇరవయ్యవ వంతు మాత్రమే కదా అనిపిస్తుంది. కాని కణాన్ని కప్పిన పొర మందం సుమారు 7 నానోమీటర్లు. భాగించి చూస్తే ఆ పొరపై విద్యుత్ క్షేత్ర తీవ్రత మీటరుకు కోటి ఓల్టులు. గాలి మీటరుకు 30 లక్షల ఓల్టుల దగ్గరే తట్టుకోలేక మెరుపు విసురుతుంది. మన స్విచ్‌యార్డులో ఇన్సులేటర్లు ఓర్చుకొనేదానికంటె ఎక్కువ ఒత్తిడిని ఒక కొవ్వుపొర రాత్రింబగళ్ళు ఓర్చుకుంటున్నది!

భీమవరం వాసి కనిపెట్టిన కీలకం

ఈ 70 మిల్లీఓల్టులను నిలిపి ఉంచేది పొటాషియం. కణంలో అది అధికంగా ఉంటుంది. పొరలో ఉన్న సన్నని ద్వారాల గుండా కొద్దికొద్దిగా బయటికి కారుతూ, తనతోపాటు ధనావేశాన్ని తీసుకుపోతుంది. ఆ ద్వారాలు మూసుకుంటే ఆవేశం లోపలే నిలిచి ఓల్టేజి పడిపోతుంది. అప్పుడు మరోరకం ద్వారాలు తెరచుకొని కాల్షియం లోపలికి దూకుతుంది. ఒక్కొక్క బీటా కణంలో పదివేల వరకు ఇన్సులిన్ సంచులు సిద్ధంగా ఉంటాయి. కాల్షియం తగలగానే పొరకు ఆనుకొని ఉన్న సంచులు పగిలి హార్మోను రక్తంలో కలుస్తుంది. మరి చక్కెర పెరిగిందని ఆ పొటాషియం ద్వారానికి చెప్పేది ఎవరు?

చెప్పేది ఎ.టి.పి. అనే అణువు. కణంలోకి వచ్చిన గ్లూకోజు దహనమై ఎ.టి.పి. తయారవుతుంది. అది ద్వారానికి తాళంచెవిలా అంటుకొని మూసివేస్తుంది. చక్కెర ఎంత ఎక్కువైతే ఎ.టి.పి. అంత ఎక్కువ, మూసుకొన్న ద్వారాలు అన్ని ఎక్కువ. హృదయ కండరంలో ఇటువంటి ద్వారాన్ని 1983లో జపాను శాస్త్రవేత్త నోమా కనుగొన్నాడు. మరుసటి ఏడే బీటా కణంలోనూ అది ఉన్నదని ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సెస్ యాష్‌క్రాఫ్ట్ బృందం, వేరుగా కుక్, హేల్స్ నిరూపించారు.

ఈ ఎ.టి.పి.ని కండరాలలో మొట్టమొదట గుర్తించినవారిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ స్వతంత్రంగా కనుగొన్నాడు. పాఠ్యపుస్తకాలలో లోమన్ పేరు కనిపించినంతగా సుబ్బారావు పేరు కనిపించదు. కండరం శక్తి ఎక్కడిది అన్నది ఆనాటి ప్రశ్న. యాభై అయిదేళ్ళ తరువాత అదే అణువు ఇన్సులిన్ విడుదలకు స్విచ్చుగా తేలింది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావుకు ఆ సంగతి తెలిసే అవకాశం లేకపోయింది.

మందులపెట్టెలో ఉన్న స్విచ్చు

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ పేర్లు చాలామందికి పరిచయమే. ఇవి సల్ఫనైల్‌యూరియా జాతి మాత్రలు. 1942లో ఫ్రాన్సులోని మాంపెలియేలో జాన్‌బాన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇస్తే వారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. లూబాతియేర్ అనే సహచరుడు దాని వెంటపడి, మందు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తున్నదని తేల్చాడు. ఎలా చేయిస్తున్నదో నాలుగు దశాబ్దాలు తెలియలేదు. పైన చెప్పిన పొటాషియం ద్వారాన్ని ఈ మాత్ర నేరుగా మూసివేస్తున్నదని 1985లో బయటపడింది. అంటే బీటా కణానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే సాధనం ఎంతోకాలంగా మన మందులపెట్టెలోనే ఉన్నది. తీగ లేదు, బ్యాటరీ లేదు, అంతే తేడా.

ఈ మాత్రల ప్రమాదం కూడా ఇందులోనే ఉన్నది. సహజంగా అయితే చక్కెర చాలినంత ఉంటేనే ద్వారం మూసుకుంటుంది. మాత్ర ఆ తనిఖీని దాటవేస్తుంది. సబ్‌స్టేషనులో ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసి బ్రేకరు మూసినట్టన్నమాట. చక్కెర తక్కువగా ఉన్నా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. అందుకే ఈ మాత్ర వేసుకొని భోజనం మానేసేవారికి చెమటలు, వణుకు, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పడం. ఉపవాసాలు చేసే ఇల్లాళ్ళు, ఆహారం తగ్గిపోయిన వృద్ధులు, మూత్రపిండాలు బలహీనపడినవారు దీన్ని వైద్యునితో తప్పక ప్రస్తావించాలి. మెట్‌ఫార్మిన్ ఈ జాతికి చెందదు, దాని పని వేరు.

ఈ చిన్న ద్వారం గురించిన జ్ఞానం కొందరు పసిపిల్లల బ్రతుకునే మార్చివేసింది. పుట్టిన ఆరునెలలలోపే మధుమేహం వచ్చే శిశువులు అరుదుగా ఉంటారు. మొదటి రకమే అనుకొని వారికి జీవితాంతం ఇన్సులిన్ సూదులే గతి అని చెప్పేవారు. వీరిలో చాలామందికి కణాలు నశించలేదనీ, ద్వారం జన్యులోపం వల్ల మూతపడకుండా ఉండిపోయిందనీ 2004లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌కు చెందిన హాటర్‌స్లీ బృందం కనుగొన్నది. తలుపు పట్టేసింది, గదిలో సరుకు నిండుగానే ఉన్నది. అయితే తలుపును మాత్రతో మూయవచ్చు కదా? 2006లో ప్రకటించిన ఫలితాలలో 49 మందికి సల్ఫనైల్‌యూరియా ఇస్తే 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానగలిగారు. రోజుకు మూడునాలుగు సూదులు పడవలసిన పిల్లకు మాత్రలు సరిపోయాయంటే ఆ తల్లిదండ్రులకు ఏమనిపించి ఉంటుందో ఊహించవలసిందే. మనదేశంలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో డాక్టర్ వి. మోహన్, డాక్టర్ రాధా వెంకటేశన్ బృందం ఇటువంటి శిశువుల జన్యుపరీక్షలపై పనిచేసింది. మన కుటుంబాలలో గాని, బంధువులలో గాని ఆరునెలలలోపు మధుమేహం అని తేలిన బిడ్డ ఉంటే, ఇప్పుడు పెద్దవారై ఉన్నా సరే, ఈ పరీక్ష సంగతి వైద్యునితో మాట్లాడాలి. ఈ వ్యాసంలో ఇంకేది మరచినా నష్టం లేదు.

తీగలు లేని గ్రిడ్

గ్రిడ్డులో పనిచేసేవారికి మరో విశేషం ఆసక్తి కలిగించగలదు. ఇన్సులిన్ కుళాయి నీటిలా ఏకధారగా రాదు. సుమారు అయిదు నిమిషాలకొక తరంగంగా వస్తుంది. ఒక పుటికలోని బీటా కణాలు ఒకదానికొకటి సూక్ష్మ రంధ్రాలతో కలిపి ఉంటాయి గనుక కలిసి స్పందించడంలో వింత లేదు. కాని ఒక పుటికకూ మరొక పుటికకూ అటువంటి సంబంధం లేదు. పది లక్షల జనరేటర్లు తీగలు లేకుండా సమకాలికంగా తిరుగుతున్నట్టు! క్లోమంలోనే ఉన్న చిన్న నాడీగుచ్ఛాలు ఈ తాళం వేస్తున్నాయని ఒక అభిప్రాయం. రక్తంలోని చక్కెర హెచ్చుతగ్గులే వేస్తున్నాయని మరొకటి. రెండూ కొంత నిజమై ఉంటాయి. ఏకధార కంటె తరంగాలు కాలేయంపై బాగా పనిచేస్తాయి. రెండవ రకం మధుమేహంలో ఈ లయ చెడుతుంది. వ్యాధి ఇంకా రాని రక్తసంబంధీకులలో కూడా లయ చెదిరి ఉండడాన్ని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 1988లో చూపారు. ఓల్టేజి పడిపోకముందే ఫ్రీక్వెన్సీ ఊగిసలాడినట్టు.

నాడీగుచ్ఛాల మాట వచ్చింది గనుక నరాల దగ్గరికి తిరిగి వెళ్ళవలసిందే. మెదడు నుంచి క్లోమానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి వేగస్ నాడి. లాటిన్‌లో ఆ మాటకు దేశదిమ్మరి అని అర్థం. మెడ, గుండె, ఊపిరితిత్తులు, కడుపు, పేగులు అన్నిటినీ పలకరిస్తూ పోతుంది. దీనికి ప్రేరణ కలిగితే ఇన్సులిన్ పెరుగుతుంది. కుక్కలలో వేగస్‌ను విద్యుత్తుతో ప్రేరేపించి ఈ సంగతిని 1967లో ఫ్రోమన్ మొదలైనవారు నమోదు చేశారు. క్యాంటీనులో పోపు వాసన తగలగానే, ముద్ద నోటిలో పెట్టకముందే కొంత ఇన్సులిన్ విడుదల కావడం ఈ దారి చలవే. రెండవది సానుభూతిక నాడీమండలం. భయం, శ్రమ కలిగినప్పుడు అది ఇన్సులిన్‌ను అణచి గ్లూకగాన్‌ను పెంచుతుంది. చూడబోతే బెయిలిస్, స్టార్లింగ్ ఓడించారనుకొన్న పావ్‌లోవ్ పూర్తిగా ఓడిపోలేదు.

అయితే వేగస్‌కు ఒక ఎలక్ట్రోడు కట్టి మధుమేహాన్ని అదుపు చేయవచ్చు కదా? మూర్ఛవ్యాధికి అటువంటి పరికరాన్ని అమెరికా 1997లోనే ఆమోదించింది. ఇక్కడ చిక్కు కేబులు నిర్మాణంలో ఉన్నది. వేగస్ ఒకే తీగ కాదు, వేల తంతువుల కట్ట. వాటిలో దాదాపు 80 శాతం అవయవాల నుంచి మెదడుకు వార్తలు మోసేవే. కట్ట మొత్తానికి విద్యుత్తు ఇస్తే గుండె వేగం తగ్గవచ్చు, గొంతు మారవచ్చు. మెదడుకు చేరిన తప్పుడు వార్త వల్ల కాలేయం చక్కెరను విడుదల చేయవచ్చు. వేగస్‌ను కత్తిరించకుండా ప్రేరేపించిన ఎలుకలలో చక్కెర తగ్గడానికి బదులు పెరిగిందని 2016లో ఒక పరిశోధన తెలిపింది. ఏ కోర్ ఎక్కడికి పోతున్నదో తెలియని కంట్రోల్ కేబులుకు సప్లయి ఇచ్చినవారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

పాదయంత్రం లెక్క ఇప్పుడు తేలిక. చర్మం మీద పెట్టిన రెండు పలకల మధ్య ప్రవాహం తనకు సులువైన దారిన, అంటే పాదం కండరాల గుండా, వెళ్ళిపోతుంది. పొట్టలో లోతుగా, వెన్నెముక ముందున్న క్లోమాన్ని ఎంచుకొని ప్రేరేపించే శక్తి దానికి లేదు. కండరం కదిలితే కొంత చక్కెర ఖర్చవుతుంది, నిజమే. నడక ఆ పని చాలా ఎక్కువగా, ఊరికే చేస్తుంది. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి చర్మం కాలినా తెలియదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ఇటువంటివాటి దగ్గరికి వెళ్ళనేరాదు. మొదటి రకం రోగి యంత్రాన్ని నమ్మి ఇన్సులిన్ ఆపితే కొద్దిరోజులలోనే, ఒక్కొక్కసారి కొన్ని గంటలలోనే, ప్రాణం మీదికి వస్తుంది. అతనికి ప్రేరేపించడానికి బీటా కణాలే మిగిలి ఉండవు. తీగ ఎంత మంచిదైనా అవతల మోటారు లేకపోతే ఏం తిరుగుతుంది? కణాలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో చెప్పే సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష ఉన్నది, పెద్ద ప్రయోగశాలలన్నిటిలో చేస్తారు.

నిజమైన ప్రయోగాలు మరో తీరులో సాగుతున్నాయి. ఫ్రాన్సులో 2019లో పరిశోధకులు చుంచెలుకల క్లోమానికి వెళ్ళే నాడికే సూక్ష్మ ఎలక్ట్రోడులు అమర్చారు. వారి ఉద్దేశం ఇన్సులిన్‌ను పెంచడం కాదు. క్లోమం పరిసరాలలో రక్షకదళాన్ని శాంతింపజేయడం. మొదటి రకం వ్యాధి ముదరడాన్ని ఆ ప్రేరణ అడ్డుకున్నది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆంత్రమూలం లోపలిపొరకు అతి స్వల్పకాలిక విద్యుత్ స్పందనలు ఇచ్చి, తరువాత సెమాగ్లూటైడ్ మందు వాడిన 14 మంది రెండవ రకం రోగులలో 12 మంది ఏడాది తరువాత కూడా ఇన్సులిన్ లేకుండా ఉండగలిగారని 2023లో ప్రకటించారు. పోల్చి చూడడానికి వేరొక రోగుల జట్టు లేదు గనుక ఆ ఘనత విద్యుత్తుది ఎంత, మందుది ఎంత అన్నది ఆ 14 మందితో తేలదు. పత్రికలలో శీర్షికలు మాత్రం పెద్దవే వచ్చాయి.

నాకు అన్నిటికంటె ఆలోచన రేకెత్తించినది స్విట్జర్లాండు పని. ఇ.టి.హెచ్. జ్యూరిచ్‌కు చెందిన మార్టిన్ ఫుసెనెగర్ బృందం ఉన్న కణాలను ప్రేరేపించే ప్రయత్నం మానుకొని, విద్యుత్తుకే లోబడే మానవ కణాలను తయారుచేసింది. ఓల్టేజి మారగానే నిలవ ఉన్న ఇన్సులిన్‌ను వదిలే కణాలను 2020లో మధుమేహం ఉన్న చుంచెలుకలలో అమర్చి, బయటనుంచి సంకేతం ఇచ్చి చక్కెరను అదుపులోకి తెచ్చారు. 2023లో మరొక పద్ధతి చూపారు. చర్మం కింద ఉంచిన కణాలకు ఆక్యుపంక్చర్ సూదుల ద్వారా రోజుకు ఒకసారి పది సెకన్లపాటు 4.5 ఓల్టుల ఏకముఖ విద్యుత్తు ఇస్తే ఇన్సులిన్ జన్యువు పనిచేయడం మొదలుపెట్టింది. గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లులు మూడు చాలు.

చుంచెలుక బరువు పాతిక ముప్పై గ్రాములు. మనిషికి కావలసిన కణాలు అంతకు ఎన్నో రెట్లు. అన్ని కణాలకు చర్మం కింద ప్రాణవాయువు అందాలి, శరీరపు రక్షకదళం వాటిని తినివేయకుండా కాపాడాలి, ఏళ్ళ తరబడి అవి చెడిపోకుండా ఉండాలి. వీటికి తోడు మరో లోటు ఉన్నది. అసలు బీటా కణం చక్కెరను తానే కొలిచి, తానే నిర్ణయించి, తానే స్విచ్చు వేస్తుంది, చక్కెర తగ్గగానే ఆపివేస్తుంది. మూడు సెల్లుల ఏర్పాటులో స్విచ్చు మాత్రమే ఉన్నది. కొలిచేదీ ఆపేదీ ఇంకా బయటనే, మనిషి చేతిలోనే ఉన్నాయి.